బదులు దెబ్బ ఎందుకు పెద్దదవుతుంది?

‘ఒకడు మనల్ని కొడితే ఊరుకోవాలా? ఊరుకుంటే ఇంకోటి వేయడా?’

క్షమ గురించి ఎక్కడ మాట్లాడినా ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. పల్నాడులో అయితే ఇంకాస్త గట్టిగా ఎదురవుతుంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని సామెత ఉండనే ఉంది. పొలం గట్టు తగాదా కానివ్వండి, తిరునాళ్లలో భుజం తగిలిన గొడవ కానివ్వండి, ‘వాడు ఒకటంటే మనం రెండనాలి, లేకపోతే ఊళ్లో తలెత్తుకు తిరగలేం’ అనే మాట చిన్నా పెద్దా అందరి నోటా వస్తుంది.

ఈ ప్రశ్న అడిగేవాళ్లను మొరటువాళ్లని కొట్టిపారేయకూడదు. వాళ్ల భయంలో నిజం ఉంది. అందుకని దీన్ని నీతిబోధకు వదిలేయకుండా కొంచెం పరీక్షించి చూద్దాం. అందినంతే తిరిగి ఇవ్వడం మనిషికి సాధ్యమేనా? పగ తీరితే మనసు నిజంగా కుదుటపడుతుందా? క్షమించినవాడు ఎప్పుడూ నష్టపోతాడా? గత నలభై ఏళ్లుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు, మెదడును చదివేవాళ్లు, గణితవేత్తలు ఈ మూడు ప్రశ్నల మీద ప్రయోగాలు చేశారు. వాటిలో తేలిన విషయాలు మనం అనుకునేదానికి చాలా దూరంగా ఉన్నాయి.

గురజాలకూ మాచర్లకూ నడుమ

నడికుడి నుంచి మాచర్ల వెళ్లే రైలు గురజాల దాటాక రెంటచింతలలో ఆగుతుంది. మిర్చి, పత్తి పండే నేల. వేసవి వచ్చిందంటే వాతావరణ వార్తల్లో ఈ ఊరి పేరు ముందు వరసలో ఉంటుంది. ఈ ఊరికి ఒక పక్కనున్న గురజాల, ఇంకో పక్కనున్న మాచర్ల పన్నెండో శతాబ్దంలో ఒకే తండ్రి బిడ్డల రాజధానులు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో అతని సవతి తమ్ముడు మలిదేవుడు. అక్కడ మంత్రి నాగమ్మ, ఇక్కడ మంత్రి బ్రహ్మనాయుడు.

పల్నాటి యుద్ధం కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు దాన్ని ద్విపదలో పెట్టాడు. వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. ఆ కథలో పగ ఏ మెట్టు మీదుగా ఏ మెట్టుకు ఎక్కిందో ఒక్కసారి వరసగా చూడండి. మొదట ఆస్థానంలో పలుకుబడి కోసం పోటీ. తర్వాత కోడిపందెం. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లాలని షరతు. మాచర్ల పక్షం ఓడింది, పందెంలో మోసం జరిగిందని నమ్మింది, అయినా వెళ్లిపోయింది. గడువు తీరాక తమ భాగం తమకివ్వమని అలరాజును రాయబారం పంపింది. అలరాజు నలగామరాజుకు స్వయానా అల్లుడు. అతనికి విషం పెట్టి చంపారు. ఆ తర్వాత ఇక మాటలు లేవు. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో రెండు సైన్యాలూ తలపడ్డాయి. బాలచంద్రుడి లాంటి కుర్రవాళ్లు కూడా అక్కడే నేలకొరిగారు.

అంతా అయిపోయాక బ్రహ్మనాయుడు నలగామరాజునే మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని జనం చెప్పుకుంటారు. చరిత్రగా దీన్ని ఎంతవరకు తీసుకోవాలన్నది పండితుల పని. మనం గమనించాల్సింది ఇంకొకటి. ఒక పందెంతో మొదలైనది ఒక తరాన్ని తుడిచిపెట్టే దాకా వెళ్లింది. అయినా మధ్యలో ఏ మెట్టు మీద నిలబెట్టి అడిగినా, ‘వాళ్లు చేసినదానికి మేం బదులిచ్చాం, అంతే’ అనే ఉండేవారు ఎవరైనా. అబద్ధమాడుతున్నామని వాళ్లకు అనిపించేది కాదు. ఎందుకో అర్థం కావాలంటే లండన్‌లో జరిగిన ఒక చిన్న ప్రయోగం దగ్గరికి వెళ్లాలి.

వేలి మీద మీట

2003లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో సుఖ్వీందర్ షెర్గిల్, డేనియల్ వోల్పర్ట్, వాళ్ల సహచరులు ఇద్దరేసి మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరి ఎడమచేతి చూపుడు వేలు ఒక చిన్న మీట కింద ఉంటుంది. మొదట యంత్రం ఒకరి వేలి మీద చాలా తేలిగ్గా నొక్కుతుంది. అతను తన కుడిచేతి వేలితో అంతే బలంగా ఎదుటివాడి వేలి మీద నొక్కాలి. ఎదుటివాడు తన వేలికి ఎంత తగిలిందో అంతే తిరిగి నొక్కాలి. ఇలా వంతులవారీగా సాగుతుంది. ఎదుటివాడికి ఏం చెప్పారో ఎవరికీ తెలియదు. ‘నీకు తగిలినంతే తిరిగి ఇవ్వు’ అన్నది ఒక్కటే ఇద్దరికీ అందిన ఆదేశం.

ఇందులో తగాదా లేదు, ఆస్తి లేదు, కులం లేదు, పార్టీ లేదు. ఇద్దరూ అపరిచితులు, ఇద్దరూ నిజాయతీగా చెప్పినట్టు చేయాలనుకున్నవాళ్లు. అయినా ఒత్తిడి ఒక్కచోట నిలవలేదు. వంతు మారినప్పుడల్లా సగటున 38 శాతం చొప్పున పెరుగుతూ పోయింది. ఆ లెక్కన ఎనిమిది వంతులు గడిచేసరికి మొదటి ఒత్తిడి పదమూడు రెట్లవుతుంది. ఎవరూ పెంచాలనుకోలేదు. అది పెరిగింది.

దీని కారణం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఒక విషయంలోనే ఉంది. మనకు మనం చక్కిలిగింత పెట్టుకుంటే నవ్వు రాదు. అదే వేలు వేరేవాళ్లది అయితే మెలికలు తిరిగిపోతాం. చెయ్యి కదిలించబోయే ముందే దాని వల్ల ఏం తగలబోతోందో మెదడు ఊహించేస్తుంది. ఊహించినదాన్ని వచ్చిన స్పర్శలోంచి తీసేస్తుంది. దీన్ని ‘సొంత స్పర్శ తగ్గింపు’ అనుకోవచ్చు. బయటి నుంచి వచ్చే స్పర్శే మనకు ముఖ్యం కాబట్టి, మనం చేసుకున్నదాన్ని పక్కన పెట్టేయడం రోజువారీ బతుకులో మంచి ఏర్పాటే. చీకట్లో మన చెయ్యి మనకే తగిలితే ఉలిక్కిపడం. పక్కన పాము తగిలితే ఎగిరి దూకుతాం.

బదులిచ్చే చోట మాత్రం ఈ ఏర్పాటే మనల్ని మోసం చేస్తుంది. నాకు తగిలిన దెబ్బ నాకు పూర్తి బరువుతో తెలుస్తుంది. నేను వేసే దెబ్బ తగ్గి తెలుస్తుంది. అందుకే రెండూ సమానం అనిపించేదాకా నొక్కుతాను. అంటే నాకు తెలియకుండానే ఎక్కువ నొక్కుతాను. ఎదుటివాడూ అదే చేస్తాడు.

ఈ ప్రయోగంలో ఇంకో భాగం ఉంది. వేలితో నేరుగా నొక్కకుండా, ఒక చిన్న పుల్లను తిప్పి యంత్రం చేత నొక్కించే వీలు కల్పించినప్పుడు జనం దాదాపు సరిగ్గా అంతే ఒత్తిడి ఇవ్వగలిగారు. సొంత చేత్తో కొలిచినప్పుడు తప్పిన కొలత, మధ్యలో ఇంకొకటి ఉంటే తప్పలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

వేలి ఒత్తిడికి వర్తించింది మాటకు, అవమానానికి కూడా అచ్చం అలాగే వర్తిస్తుందని ఈ ప్రయోగం ఒక్కదానితో చెప్పేయలేం. మాటల విషయంలో వేరే సాక్ష్యం ఉంది. 1990లో రాయ్ బౌమైస్టర్ బృందం కొందరిని రెండేసి సంఘటనలు రాయమంది. ఒకటి, ఎవరో తమకు కోపం తెప్పించినది. రెండు, తాము వేరేవాళ్లకు కోపం తెప్పించినది. బాధపడ్డవాళ్లుగా రాసినప్పుడు ఆ దెబ్బ ఇంకా మానలేదు, దానికి అర్థమూ లేదు. బాధపెట్టినవాళ్లుగా రాసినప్పుడు దానికి కారణాలున్నాయి, అది ఎప్పుడో అయిపోయింది. రెండూ రాసింది ఒకే మనిషి. చెడ్డవాళ్లు ఒకలా, మంచివాళ్లు ఒకలా కొలవడం లేదు. కూర్చున్న చోటును బట్టి అందరి కొలతా మారుతోంది.

ఎండకూ ప్రతీకారానికీ చుట్టరికం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రెంటచింతలలో ఆ రోజుల్లో పన్నెండు దాటితే వీధిలో మనిషి కనిపించడు. ఎండ మండే రోజున చిన్న మాటకే పెద్ద మాట వస్తుందని ఇంట్లో ఆడవాళ్లకు, బస్సు కండక్టర్లకు, బడి పంతుళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శాస్త్రవేత్తలు దీన్ని కూడా కొలిచారు.

అమెరికాలో ఫీనిక్స్ అనే ఎడారి నగరం ఉంది. డగ్లస్ కెన్రిక్, స్టీవెన్ మెక్‌ఫార్లేన్ అక్కడ ఒక కూడలిలో ఆకుపచ్చ దీపం వెలిగినా కదలకుండా ఒక కారును ఆపి ఉంచారు. వెనక కారువాళ్లు ఎంతసేపటికి, ఎన్నిసార్లు హారన్ కొడతారో లెక్కపెట్టారు. 1986లో ఫలితాలు ప్రచురించారు. ఎండ పెరిగేకొద్దీ హారన్ పెరిగింది. అద్దాలు దించుకుని, ఏసీ లేకుండా వెళ్తున్నవాళ్లలో మరీ పెరిగింది.

ఇంతకన్నా లోతైన విషయం బేస్‌బాల్ లెక్కల్లో బయటపడింది. ఆ ఆటలో బంతి విసిరేవాడు అప్పుడప్పుడు ఎదుటి ఆటగాడి ఒంటికి కొడతాడు. కొన్నిసార్లు పొరపాటున, కొన్నిసార్లు కావాలని. 2011లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్ బృందం 1952 నుంచి జరిగిన 57,293 ఆటల లెక్కలు తీసింది. ఎండ ఒక్కటే ఉంటే పెద్ద తేడా లేదు. అవతలి జట్టు తన జట్టువాళ్లను ముందే కొట్టి ఉంటే మాత్రం, ఎండ పెరిగేకొద్దీ బదులు కొట్టడం బాగా పెరిగింది.

అంటే వేడి కొత్తగా పగను పుట్టించడం లేదు. ఉన్న పగను చేతిదాకా తెస్తోంది. ఎదుటివాడి పని పొరపాటో, కావాలని చేసిందో తేల్చుకోవాల్సిన క్షణంలో ‘కావాలనే చేశాడు’ వైపుకు తోస్తోంది.

పల్నాడుకు ఇది దూరపు సంగతి కాదు. 2024 మే 13న, నడివేసవిలో, పోలింగ్ జరిగింది. రెంటచింతల మండలం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. ఆ తర్వాతి రోజుల్లో జిల్లాలో దాడులు, ప్రతిదాడులు జరిగి 144వ సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. ఆ నేరాలను ఎండ మీదికి నెట్టేయడానికి వీల్లేదు. అధికారం, పార్టీ, ఊరి ఆధిపత్యం అసలు కారణాలు, చేసినవాళ్లే బాధ్యులు. కానీ ఒక దాడి మరో దాడిని పిలిచే రోజుల్లో, పగలు నలభై డిగ్రీలు దాటే చోట, ఊరి పెద్దలు పాటించదగ్గ చిన్న జాగ్రత్త ఒకటుంది. పంచాయితీ మిట్టమధ్యాహ్నం పెట్టకండి. కోపం వచ్చిన పూటే తీర్మానం చేయకండి. పొద్దు వాలనివ్వండి, వీలైతే ఒక రాత్రి గడవనివ్వండి.

పగ తీరితే మనసు చల్లబడుతుందా?

పగకు రుచి ఉంది. లేకపోతే ఇంతమంది దాని వెంట పడరు. 2004లో జూరిచ్‌లో డొమినిక్ డి క్వర్వాన్ బృందం డబ్బు పంచుకునే ఆట ఒకటి ఆడించింది. నమ్మి డబ్బిచ్చినవాణ్ణి అవతలివాడు మోసం చేస్తాడు. మోసపోయినవాడికి శిక్షించే అవకాశం ఇచ్చి, ఆ ఆలోచన చేస్తున్నప్పుడు అతని మెదడును చిత్రీకరించారు. మంచి తిండి, డబ్బు, ఆశించిన బహుమానం దొరకబోతున్నప్పుడు ఏ భాగం చురుకవుతుందో అదే భాగం చురుకైంది. తన జేబులోంచి ఖర్చు పెట్టుకుని మరీ శిక్షించినవాళ్లున్నారు.

అయితే అది శిక్షించబోయే ముందు కలిగే ఆశ. తిన్నాక ఏమవుతుందో 2008లో కెవిన్ కార్ల్‌స్మిత్, తిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ చూశారు. కలిసి పెట్టుబడి పెట్టే ఆటలో ఒకరు అందరినీ మంచి మాటలతో ఒప్పించి, చివరికి తాను మాత్రం ఏమీ పెట్టకుండా లాభం ఎత్తుకుపోతారు. కొందరికి ఆ మోసగాణ్ణి శిక్షించే వీలిచ్చారు, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే హాయిగా ఉంటుందని అందరూ ఊహించారు. జరిగింది వేరు. శిక్షించినవాళ్లే ఎక్కువ నొచ్చుకుని ఉన్నారు, ఆ మోసగాడి గురించే ఇంకా ఆలోచిస్తున్నారు. అవకాశం దొరకనివాళ్లు ‘పోనీలే’ అనుకుని వేరే ఆలోచనలో పడ్డారు.

‘కోపం లోపల పెట్టుకోకూడదు, కక్కేయాలి’ అనే మాట కూడా పరీక్షకు నిలవలేదు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ విద్యార్థుల చేత వ్యాసాలు రాయించి, అవి అధ్వానంగా ఉన్నాయని ఘాటుగా రాసిన వ్యాఖ్యలను వాళ్లకు అందించాడు. తర్వాత కొందరిని ఆ విమర్శకుణ్ణి తలుచుకుంటూ గుద్దుల సంచిని గుద్దమన్నాడు. కొందరిని ఒంటికి కసరత్తు అనుకుని గుద్దమన్నాడు. మూడో గుంపును ఊరికే కూర్చోబెట్టాడు. అందరిలోకీ ఎక్కువ కోపంతో మిగిలింది విమర్శకుణ్ణి తలుచుకుంటూ గుద్దినవాళ్లు. తక్కువ కసితో బయటపడ్డది ఊరికే కూర్చున్నవాళ్లు. తలుచుకుంటూ కొట్టడం అంటే పగను పాఠంలా వల్లె వేయడమే.

ఒంటికి ఏమవుతుందో 2001లో అమెరికాలోని హోప్ కాలేజీలో షార్లెట్ విట్‌వ్లీట్ కొలిచింది. 71 మంది విద్యార్థులను తమను నిజంగా బాధపెట్టిన మనిషిని తలుచుకోమంది. ఒకసారి జరిగినదాన్ని నెమరేస్తూ, కసి పెంచుకుంటూ. ఇంకోసారి ఆ మనిషినీ మనిషిగా చూస్తూ, క్షమిస్తున్నట్టు. కసి పెట్టుకున్న కొద్ది క్షణాల్లోనే గుండె వేగం, రక్తపోటు పెరిగాయి, చర్మం మీద చెమట పెరిగింది, కనుబొమల మధ్య కండరం బిగుసుకుంది. ఆలోచన ఆపేయమన్నాక కూడా ఆ బిగింపు వెంటనే సడలలేదు. క్షమను ఊహించుకున్నప్పుడు ఇవన్నీ తక్కువగా ఉన్నాయి. బాధపెట్టినవాడు ఎక్కడో హాయిగా నిద్రపోతూ ఉంటాడు. వాణ్ణి తలుచుకునేవాడి రక్తపోటే పెరుగుతుంది.

చెల్లుకు చెల్లు, దానికి పైన ఇంకొకటి

ఇప్పుడు మొదటి భయం దగ్గరికి వద్దాం. క్షమించేవాణ్ణి లోకం తొక్కేయదా? దీన్ని లెక్కగా చూసినవాడు మిషిగన్ విశ్వవిద్యాలయంలో రాజనీతి బోధించిన రాబర్ట్ ఆక్సెల్‌రాడ్. ఇద్దరు ఆటగాళ్లు. ప్రతి వంతులో ఇద్దరూ సహకరించుకుంటే చెరి మూడు పాయింట్లు. ఇద్దరూ మోసం చేస్తే చెరొకటి. ఒకడు సహకరించి రెండోవాడు మోసం చేస్తే మోసగాడికి అయిదు, నమ్మినవాడికి సున్నా. ఈ ఆటను వందల వంతులు ఆడాలి. ఎలా ఆడితే ఎక్కువ పాయింట్లు వస్తాయి? 1980 ప్రాంతంలో ఆయన నిపుణుల దగ్గర కంప్యూటర్ ప్రోగ్రాములు తెప్పించి పోటీ పెట్టాడు. మొదటిసారి 14, రెండోసారి 62 వచ్చాయి. రెండుసార్లూ గెలిచింది అన్నిటిలోకీ చిన్న ప్రోగ్రాము. అనటోల్ రాపోపోర్ట్ పంపినది. దాని పద్ధతి చెల్లుకు చెల్లు. ముందు మంచిగా మొదలుపెట్టు, తర్వాత అవతలివాడు కిందటిసారి ఏం చేస్తే అదే చెయ్యి.

చాలామంది ఇక్కడ కథ ఆపేసి ‘చూశారా, దెబ్బకు దెబ్బే సరైనది’ అంటారు. కానీ ఆ పోటీలో ఒక సదుపాయం ఉంది. ఎవరు ఏం చేశారో పొరపాటు లేకుండా తెలుస్తుంది. మన బతుకులో అలా తెలియదు. అనని మాట అన్నట్టు వినిపిస్తుంది. గట్టు తెగింది వానకైతే పక్క పొలంవాడు తెంపాడనుకుంటాం. అలాంటి పొరపాటు ఒక్కటి దొర్లితే చెల్లుకు చెల్లు ఆడే ఇద్దరూ ఇరుక్కుపోతారు. నువ్వు మోసం చేశావని నేను, నేను చేశానని నువ్వు, వంతులవారీగా కొట్టుకుంటూనే ఉంటారు. మొదట తప్పు ఎవరిదో ఇద్దరికీ గుర్తుండదు.

1992లో మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ పొరపాట్లు జరిగే లోకంలో ఈ ఆటను తరతరాలుగా నడిపించి చూశారు. చెల్లుకు చెల్లు మోసగాళ్లను వెనక్కి నెట్టింది గానీ చివరికి నిలవలేదు. దాని స్థానంలోకి కొంచెం పెద్దమనసున్న పద్ధతి వచ్చింది. మంచికి ఎప్పుడూ మంచే చేస్తుంది. చెడుకు ఎక్కువసార్లు బదులిస్తుంది. కానీ పైన చెప్పిన పాయింట్ల లెక్కలో, సుమారు మూడింట ఒకసారి వదిలేస్తుంది. ఏ మూడోసారో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని వాడుకోవడం మోసగాడికి కుదరదు. ఎప్పుడూ వదిలేసే పద్ధతిని మాత్రం మోసగాళ్లు తినేశారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్న సామెతలో ఉన్న నిజం ఇదీ.

చెరువు కట్టేవాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. కట్ట ఒక్కటే కడితే ఒక పెద్ద వానకు చెరువు తెగి ఊరి మీద పడుతుంది. కట్టే లేకపోతే చెరువే లేదు. అందుకని కట్ట వేసి, దాని ఎత్తుకు కాస్త దిగువన ఒక పక్కన అలుగు కడతారు. నీరు ఆ మట్టానికి వచ్చాక పొర్లి పోతుంది, చెరువు నిండుగా ఉంటుంది, కట్ట నిలుస్తుంది. అలుగు ఎంత ఎత్తున ఉండాలో కట్టేముందే తేల్చుకోవాలి. వరద వచ్చిన రాత్రి తవ్వితే అది అలుగు కాదు, గండి. క్షమ కూడా అంతే. తగాదా ముదిరాక దిక్కులేక తగ్గడం వేరు. ఇంత దాకా వదిలేస్తాను, ఇది దాటితే ఊరుకోను అని ముందే తెలిసి ఉండడం వేరు.

క్షమ నేర్చుకునే విద్య

కొందరు పుట్టుకతో ఓర్పు గలవాళ్లని, మనవల్ల కాదని చాలామంది అనుకుంటారు. సాధనతో ఇది వస్తుందని చెప్పడానికి ఇప్పుడు గట్టి ఆధారం ఉంది.

వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయంలో ఎవరెట్ వర్తింగ్టన్ క్షమ మీద పరిశోధన చేస్తున్న రోజుల్లోనే, 1995-96 నూతన సంవత్సర వేళ, ఇంట్లో దూరిన దొంగ చేతిలో ఆయన తల్లి హత్యకు గురైంది. తాను ఇతరులకు నేర్పుతున్నదాన్ని ఆయన తన మీదే ప్రయోగించుకోవాల్సి వచ్చింది. ఆయన పద్ధతిలో అయిదు మెట్లున్నాయి. జరిగినదాన్ని దాచకుండా, పెంచకుండా గుర్తు చేసుకోవడం. చేసినవాడు ఏ స్థితిలో ఉండి చేశాడో ఊహించడం. మన తప్పును ఒకరు మన్నించిన సందర్భం తలుచుకుని, క్షమను అలాంటి బహుమానంగా ఇవ్వడం. ఆ నిర్ణయాన్ని కాగితం మీద రాసుకోవడమో ఒకరికి చెప్పడమో. కోపం మళ్లీ వచ్చిన రోజున ‘క్షమించలేదన్నమాట’ అని నీరుగారిపోకుండా, రాసుకున్నదాన్ని పట్టుకుని ఉండడం.

ఈ మెట్లతో ఒక చిన్న అభ్యాస పుస్తకం తయారుచేసి కొలంబియా, హాంకాంగ్, ఇండోనేసియా, దక్షిణాఫ్రికా, ఉక్రెయిన్‌లలో 4,598 మందితో పరీక్షించారు. గురువు లేడు, డాక్టరు లేడు, ఎవరికి వాళ్లు పుస్తకంలో రాసుకుంటూ పోవడమే. 2024లో ఫలితాలు వచ్చాయి. పుస్తకం ముందుగా అందుకున్నవాళ్లలో, ఇంకా అందనివాళ్లతో పోలిస్తే, కసి తగ్గింది. దిగులు, ఆందోళన లక్షణాలూ తగ్గాయి.

రెండో మెట్టు దగ్గర ఒక జాగ్రత్త అవసరం. ఎదుటివాడి బాధను మన బాధగా అనుభవించడం, అతనికి మేలు జరగాలని కోరడం ఒకటే అనుకుంటాం. జర్మనీలో టానియా సింగర్, ఓల్గా క్లిమెకీ ఈ రెండింటినీ విడివిడిగా నేర్పి చూశారు. బాధను పంచుకోవడం మాత్రమే నేర్చుకున్నవాళ్లు కుంగిపోయారు. మేలు కోరడం నేర్చుకున్నాక వాళ్లే తేరుకున్నారు, మెదడులో పనిచేసే భాగాలు కూడా వేరుగా కనిపించాయి. ఈ రెండోదాన్ని నేర్పడానికి వాళ్లు వాడింది బౌద్ధుల మైత్రీ భావన నుంచి వచ్చిన పద్ధతి. ముందు తన మేలు, తర్వాత ఇష్టమైనవాళ్ల మేలు, తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్ల మేలు, చివరికి పడనివాడి మేలు కోరడం. మాచర్లకు దగ్గరలోని నాగార్జునకొండ లోయ పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్ష్వాకుల కాలంలో బౌద్ధ విహారాలతో నిండి ఉండేది. కరుణను సాధనగా నేర్పిన సంప్రదాయం పల్నాడుకు పరాయిది కాదు.

క్షమ కానిది ఏది?

ఇక్కడ ఒక మాట ఖరాఖండిగా చెప్పాలి. క్షమ పేరుతో మన ఊళ్లలో చాలా అన్యాయం జరుగుతుంది. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గరికి ‘సర్దుకుపోమ్మా’ అని ఆడపిల్లను తిరిగి పంపడం క్షమ కాదు. కులం పేరుతో దాడి చేసి, కేసు వెనక్కి తీసుకోమని బాధితుడి మీద ఒత్తిడి తేవడం రాజీ కూడా కాదు, రెండో దాడి. క్షమించే హక్కు దెబ్బ తిన్నవాడిది. దాన్ని అతని చేత చేయించే హక్కు ఎవరికీ లేదు.

క్షమించడం అంటే మర్చిపోవడం కాదు. కోర్టుకు వెళ్లకపోవడం కాదు. మళ్లీ నమ్మాల్సిన పని కూడా లేదు. వర్తింగ్టన్ లాంటివాళ్లు చెప్పేది ఇదే. నేరానికి శిక్ష చట్టం వేయాలి, అది ఆగకూడదు. క్షమించినవాడు వదులుకునేది తన చేత్తో తాను కొలిచి ఇవ్వాలన్న కోరికను ఒక్కదాన్నే. వేలి ప్రయోగంలో ఆ చేతి కొలత 38 శాతం తప్పిందని చూశాం కదా.

చట్టం, పోలీసు, కోర్టు, ఊరి పెద్దలు ఉన్నది ఇందుకే. పుల్ల తిప్పి యంత్రం చేత నొక్కించినప్పుడు కొలత సరిపోయినట్టు, దెబ్బతో సంబంధం లేనివాడు మధ్యలో ఉంటే న్యాయం కొలతలో ఉంటుంది. ఆ మధ్యవాడు ఒక పక్షానికి అమ్ముడుపోయినప్పుడే జనం మళ్లీ సొంత చేతుల్ని నమ్ముకుంటారు. ఫ్యాక్షన్ ఊళ్లలో పగలు తరాలు దాటడానికి మనుషుల రక్తం వేడి కారణం కాదు, నమ్మదగ్గ మధ్యవాడు లేకపోవడం కారణం.

పల్నాటి కథలో అలాంటి మధ్యవాడు ఒకడున్నాడు, అలరాజు. ఒక పక్షానికి దూత, రెండో పక్షానికి అల్లుడు. రెండు ఇళ్ల బాధా తెలిసిన మనిషి. అతన్ని చంపిన రోజున రెండు వైపులా కొలత సరిచూసుకునే దారి మూసుకుపోయింది. కార్తీక అమావాస్య నుంచి కారెంపూడిలో అయిదు రోజుల పాటు జరిగే వీరుల ఉత్సవాల్లో, వీరుల ఆయుధాలైన కొణతాలు మోసుకొచ్చే ఆచారవంతుల నడుమ, ఒక రోజుకు రాయబారం అనే పేరే పెట్టారు. బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని చెప్పే చాపకూడు, అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినే ఆ బంతి, ఈ ఉత్సవాల్లోనే నేటికీ సాగుతోంది. పగ ముదరకుండా ఆపే రెండు పనులు ఆ ఉత్సవంలోనే ఉన్నాయి. మాట్లాడే మనిషిని మధ్యలో ఉంచుకోవడం, కలిసి తినడం.

కాబట్టి ‘ఊరుకోవాలా?’ అన్న ప్రశ్నకు సమాధానం ఇదీ. ఊరుకోనక్కర్లేదు. నీకు అన్యాయం జరిగితే చెప్పు, ఫిర్యాదు చెయ్యి, హద్దు గీసుకో. బదులు మాత్రం నీకు న్యాయం అనిపించినదానికన్నా కాస్త తక్కువే ఇవ్వు, ఎందుకంటే నీ కొలతలో ఎక్కువ చేరుతుంది. కోపంగా ఉన్న పూట ఇవ్వకు. మూడుసార్లలో ఒకసారి అసలు ఇవ్వకు. ఇంట్లో, పొలం దగ్గర, పార్టీలో, ఊళ్లో రెండు వైపులా నమ్మే మనిషి ఒకరు ఎప్పుడూ ఉండేలా చూసుకో. అలాంటి మనిషిని పిరికివాడని, రెండు పడవల మీద కాళ్లు పెట్టాడని ఎవరైనా తిడితే అతని పక్కన నిలబడు. వీటిలో ఏదీ మహాత్ములకు మాత్రమే సాధ్యమయ్యే పని కాదు. గట్టు తగాదా ఉన్న ఇద్దరు రైతులు కూడా రేపటి నుంచే మొదలుపెట్టగలరు.